అసూయకు ఏ విభక్తి

జూలై 6, ఆదివారం

ఈ డైరీ ఎవరూ చదవరు. చదివితే వాళ్ల ఖర్మ. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

ఇవాళ చర్చిలో ప్రకటనలప్పుడు పాస్టర్ యేసన్న అయ్యగారు ఒక సంగతి చెప్పారు. ఆగస్టు మొదటి శనివారం స్త్రీల కూడికకు మిజోరం నుంచి ఒక అమ్మ వస్తారట. ఆమె ఇంగ్లీషులో చెప్పే దేవుని వాక్యాన్ని సిస్టర్ సువార్త తెలుగులోకి తర్జుమా చేస్తుందట. సిస్టర్ సువార్త అంటే నా భార్య. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరికంటే ఎక్కువసేపు కొట్టాను.

ఉరవకొండలో ఇంగ్లీషు మాట్లాడే అతిథి ఎవరొచ్చినా పక్కన నిలబడి తర్జుమా చేసేది నేను. జయచంద్ర సార్ తెలుగు చెబుతున్నాడంటే పక్క ఊళ్ల నుంచి ఆటోలు కట్టించుకొని వచ్చేవాళ్లు. ఊరికే వస్తారా? హైస్కూల్లో తెలుగు పండితుణ్ని, పద్యం ఎత్తుకుంటే పిల్లలు కూడా అల్లరి మానేస్తారు.

తర్జుమా అంటే మాటకు మాట పెట్టడం అనుకునేవాళ్లు స్టేజీ ఎక్కనివాళ్లు. వచ్చినాయన ఒక వాక్యం చెప్పి ఆగుతాడు, మనం అందుకోవాలి. ఆయన ‘ఐ’ అంటే మనం ‘ఆయన’ అనకూడదు, ‘నేను’ అనాలి. ఆయన చెయ్యెత్తితే మన చెయ్యీ లేవాలి. ఒకసారి కేరళ నుంచి వచ్చిన పెద్దాయన చనిపోయిన తన బిడ్డల గురించి చెప్పాడు. ‘నా ఇద్దరు కొడుకులను ఈ చేతులతోనే మట్టిలో పెట్టాను’ అని నేను చెబుతుంటే, ముందు వరుసలో కూర్చున్న మా అమ్మ నల్లమ్మ ఇంకా పుట్టని మనవళ్ల కోసం గుండెలు బాదుకొని ఏడ్చింది. అదీ తర్జుమా. ఆ పెద్దాయన తర్వాత నా చెయ్యి పట్టుకొని వదల్లేదు.

కూడిక అయ్యాక అయ్యగారిని అడిగాను, ఊరికే, నవ్వుతూనే.

“ఆడోళ్ల కూడిక కదా సారూ. ఆయమ్మ పక్కన ఆడమనిషి నిలబడితేనే బాగుంటాది,” అన్నారు. “సువార్తమ్మ ఇంగ్లీషు బాగ నేర్చుకుంటాండాదంట కదా. మన ఐజాకు చెప్పినాడు.”

మన ఐజాకు. బెంగళూరులో ఏదో కాల్ సెంటరులో పనిచేసి తిరిగొచ్చిన కుర్రాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, చర్చి వెనక గదిలో సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసు పెట్టాడు. సువార్త ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఇంటరు దాకా చదివింది. ఈస్టరు తర్వాత ఒకరోజు, “నేను కూడా పోతాండా ఆ క్లాసుకి, ఊరికే,” అంది. ఊరికే అన్నది ఇదన్నమాట.

సంతోషమే. భార్య పైకొస్తే భర్తకు సంతోషం కాక ఇంకేముంటుంది.

జూలై 8, మంగళవారం

వంటింటి గోడకు ఒక చార్టు అంటించింది. ఐజాక్ ఇచ్చాడట. ఇంగ్లీషు గుణవాచకాలు ఒక వైపు, వాటి వెనక రావలసిన చిన్న మాటలు మరో వైపు. సంగటి కెలుకుతూ చదువుతోంది. అఫ్రైడ్ ఆఫ్. ఫాండ్ ఆఫ్. గుడ్ ఎట్. యాంగ్రీ విత్. మ్యారీడ్ టు.

విభక్తులు నాకు ఒకరు నేర్పనక్కర్లేదు. మన భాషలో మనసులో ఏది పుట్టినా వెంటనే ‘మీద’ వచ్చి కూర్చుంటుంది. నీ మీద కోపం, నీ మీద ప్రేమ, నీ మీద నమ్మకం, నీ మీద అనుమానం. ఒక్క మాటతో సంసారమంతా గడిచిపోతుంది. ఇంగ్లీషువాడికి కోపానికొకటి కావాలి, ఇష్టానికొకటి కావాలి, భయానికొకటి కావాలి. ఏది దేని వెంట పోతుందో చెప్పడానికి సూత్రం కూడా లేదు. సూత్రం లేనిదాన్ని వ్యాకరణం అనడం నాకు ఇష్టం లేదు.

“మ్యారీడ్ విత్,” అని దిద్దాను. “ఫలానావాడితో పెళ్లి అంటాం కదా. ‘తో’ అంటే విత్.”

“కాదప్పా, టు,” అంది, చార్టు వైపు కూడా చూడకుండా.

“ఎవరు చెప్పినారు?”

“ఎవురో చెప్పేదేంది, ఆ బాస అట్ల ఉండాది.”

అమ్మ గడప దగ్గర కూర్చొని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. వాన లేదు, విత్తేది ఎప్పుడో తెలియదు, ఒలిచేది మాత్రం ఆగదు. “ఏదైతే ఏమిరా, పెండ్లయితే అయిపోయింది కదా,” అంది.

జూలై 9

స్కూలు లైబ్రరీలో నిఘంటువు తీసి చూశాను. టు అనే ఉంది. పాత ముద్రణ.

జూలై 11, శుక్రవారం

ఐజాక్‌కు ఇరవై ఆరేళ్లు. నేను అడగలేదు, మాటల్లో వచ్చింది. పెళ్లి కాలేదు. అదీ మాటల్లోనే వచ్చింది.

జూలై 13, ఆదివారం

సాయంత్రం క్లాసుకు సువార్తతో పాటు వెళ్లాను. దారిలో కుక్కలు ఎక్కువయ్యాయి, తోడు ఉంటే మంచిదని. ఇన్నాళ్లు ఒక్కతే వెళ్లొచ్చిందని తను గుర్తు చేసింది. అప్పుడు ఇన్ని కుక్కలు లేవన్నాను.

ఐజాక్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. “అన్నా, రా అన్నా, కూర్చో,” అని తన కుర్చీ ఇచ్చాడు. ఆ మర్యాద నాకు నచ్చలేదు. మర్యాద చేసేవాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో వాడికి తెలుసు.

చాపల మీద పదిమంది దాకా ఉన్నారు. నర్సింగు చదివే అమ్మాయిలు, ఒక బ్యాంకు ప్యూను, నా భార్య. వాడు బోర్డు మీద తెలుగులో ఒక వాక్యం రాసి ఇంగ్లీషులో చెప్పమంటున్నాడు. ‘వాడికి నా మీద అసూయ’ అని రాశాడు. వేరే వాక్యమే దొరకలేదు.

“జెలస్ ఆన్ మీ,” అన్నాడు ప్యూను.

“మనం ‘మీద’ అంటాం కదా, అందుకే ఆన్ అనిపిస్తాది. అందరం చేసే తప్పే అది,” అన్నాడు ఐజాక్. తర్వాత నా వైపు తిరిగాడు. “అన్నని అడుగుదాం. అన్నా, నువ్వు చెప్పు.”

ఆన్ కాదని తేలిపోయింది. మిగిలినవాటిలో గుడ్ ఎట్ గుర్తొచ్చింది. “జెలస్ ఎట్,” అన్నాను, తరగతిలో సంధి విడగొట్టేటప్పుడు ఉండే గొంతుతో.

ఎవరూ నవ్వలేదు. సువార్త తల వంచుకొని ఒళ్లో ఉన్న చేతులతో చెప్పినట్టు, “ఆఫ్,” అంది. “కరెక్టు అక్కా,” అన్నాడు వాడు. చాలా మెల్లగా అన్నాడు, నాకు వినబడకూడదని. వినబడింది.

ఇంటికొస్తూ, పూర్వపు ఇంగ్లీషులో ఎట్ అనేవాళ్లని ఆమెకు వివరించాను. అలాంటిదేదో ఉండే ఉంటుంది. “అట్లనా,” అంది. నమ్మింది.

జూలై 14

నమ్మలేదు.

జూలై 16, బుధవారం

సువార్తతో మాట్లాడడం లేదు. కోపం ఏమీ లేదు, మాట్లాడవలసిన పని పడలేదు. భోజనం దగ్గర మజ్జిగ కావలసి వచ్చింది. “అమ్మా, మజ్జిగ ఉందేమో అడుగు,” అన్నాను. సువార్త ఎదురుగానే ఉంది. మజ్జిగ చెంబు ఆమె చేతి దగ్గరే ఉంది.

“మజ్జిగ ఉందా అంటాండాడు,” అంది అమ్మ.

“ఉండాదని చెప్పత్తా.”

“ఉండాదంట.” అమ్మ ఒక ముద్ద మింగి నన్ను, ఆమెను మార్చి మార్చి చూసింది. “ఏంరా, నేనేమన్నా తర్జుమా మనిషినా? నాకు మైకు కొనిపెట్టు, చెప్తా.”

సువార్త నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

జూలై 19, శనివారం

సువార్త ఫోను మిషను మీద పెట్టి జాకెట్టుకు కాజాలు కుడుతోంది. చేతులు ఖాళీ లేక ఫోన్లో వచ్చిన మాటలు స్పీకరులో పెట్టింది. ఐజాక్ గొంతు. “ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ.” ఆమె దాన్ని మళ్లీ పెట్టింది. వాడు మళ్లీ అన్నాడు. ఆమె వాడి వెనకే అంది. మూడోసారి నేను లేచి వీధిలోకి వచ్చేశాను.

కొండ మీద గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. మబ్బు లేదు, చినుకు లేదు, ఈ గాలికి మాత్రం కొదవ లేదు.

నాకు అనుమానం అనే గుణం లేదు. తెలుసుకోవడం వేరు.

జూలై 20, ఆదివారం

చర్చి ఎదురుగా ఓబుళేసు టీ కొట్టు దగ్గర ఐజాక్‌ను పట్టుకున్నాను. మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు.

“ఏమప్పా ఐజాకూ, మా ఇంట్లో మనిషి మీద నీకు అంత గర్వమా?”

వాడికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక టీ గ్లాసు కింద పెట్టాడు. ఫోను తీసి నా చెవి దగ్గర పెట్టాడు. ప్రౌడ్ ఆఫ్ తర్వాత టైర్డ్ ఆఫ్, షూర్ ఆఫ్, ఫుల్ ఆఫ్, ఇంకా ఏవేవో. క్లాసులో అందరికీ పంపాడట. ప్యూనుకు కూడా.

“నువ్వు ఒకటే వింటివి అన్నా,” అన్నాడు. ముఖం ఎర్రబడింది. “సువార్తక్క నాకు సొంత అక్క మాదిరి. నన్ను ఏమన్నా అను, ఆయక్కను ఆ మాట అనొద్దు. అక్కకి చెవి ఉండాది. వచ్చినోళ్లు ఏం చెప్తే అదే చెప్తాది, ఒక మాట ఎక్కువ పెట్టదు, ఒక మాట తక్కువ పెట్టదు.”

“అంటే నేను పెడతానా?”

వాడు ఓబుళేసు వైపు చూశాడు. ఓబుళేసు పాలు పొంగుతున్నాయని పొయ్యి వైపు తిరిగాడు.

“నువ్వు చెప్తే తెలుగు వినేకి బాగుంటాది అన్నా. అందరూ అంటారు. ఆ వచ్చినాయన ఏం చెప్పినాడని అడిగితే మాత్రం ఎవురికీ తెల్దు.”

టీకి నేనే ఇచ్చాను. ఐజాక్ మంచివాడే. వాడి మీద నాకు ఏమీ లేదని ఇవాళ తేలిపోయింది. అయినా మంట తగ్గలేదు. ఎందుకో రాయను.

జూలై 23, బుధవారం

సాయంత్రం జాకెట్టు కోసం వచ్చిన సిద్దమ్మ, నేను వసారాలో ఉన్నానని తెలిసి కూడా, “నీ గొంతు మైకులో ఎట్లుంటాదో విందామని మా వీధి ఆడోళ్లంతా వస్తాండామమ్మీ,” అని సువార్తతో పెద్దగా చెప్పింది.

భోజనం చేయలేదు. కడుపు బాగాలేదు.

జూలై 27, ఆదివారం

మధ్యాహ్నం సువార్త తనంతట తనే వచ్చి నా దగ్గర కూర్చుంది. చేతిలో తెల్ల కాగితం. మిజోరం అమ్మ చెప్పబోయే వాక్యభాగాలు ముందుగా పంపారట.

“ఫెయిత్‌ఫుల్ టు అనేదానికి తెలుగులో ఏమి చెప్పల్లప్పా? నమ్మకంగా అంటే చాలడం లేదు. నువ్వైతే ఏమంటావు?”

ఏడు తరాల ఆస్తి అడిగినట్టు అనిపించింది. నా దగ్గర మంచి మాట ఉంది. చెప్పలేదు. “అనన్యభక్తితత్పరతతో,” అన్నాను. “అదే సరైన మాట. అలాగే చెప్పు.”

రెండుసార్లు పలకబోయి నాలుక తడబడి నవ్వింది. మూడోసారికి నవ్వలేదు. నా ముఖం చూసింది. అర్థమైందని నాకు అర్థమైంది.

“కూడికకు వచ్చే అవ్వగార్లు ఎట్ల పట్టుకుంటారప్పా అంత మాటని?” అంది. కాసేపు కాగితం వైపే చూసి, “ఇచ్చిన మాట వదలకుండా, అంటే?” అంది.

ఆ మాట నా దగ్గర దాచుకున్న మాటకంటే బాగుంది. ఎక్కడి నుంచి తెచ్చింది? ఇన్నేళ్లుగా ఆమె మాటలన్నీ ఉప్పు, పప్పు, దారం రంగులే అనుకున్నాను. నేనే అడగలేదేమో.

“సరే, ఏదో ఒకటి చెప్పు,” అన్నాను. బాగుందని అనలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

గుంతకల్లు స్టేషనుకు అతిథిని తీసుకురావడానికి నన్ను పంపారు. అయ్యగారి భార్య అమ్మగారు కూడా వచ్చారు. తర్జుమాకు నేను పనికిరాను, సూట్‌కేసు మోయడానికి పనికొస్తాను.

మిజోరం అమ్మ పొట్టిగా, తెల్లజుట్టుతో, మన అవ్వలాగే ఉంది. గొంతు చాలా చిన్నది. కారులో నేను ముందు సీటు నుంచి వెనక్కి తిరిగి ఇంగ్లీషులో పలకరించాను. “మై వైఫ్ ఈజ్ గుడ్ ఇన్ ఇంగ్లీష్,” అన్నాను. తర్వాత గుడ్ ఆన్ అన్నాను. గుడ్ విత్ కూడా అన్నాను. దేవుడి దయ వల్ల ఒకటైనా తగులుతుందని. ఆమె అన్నింటికీ తల ఊపింది.

వజ్రకరూరు దాటాక బయట ఎర్రటి చేలు చూస్తూ ఆమె చాలాసేపు మాట్లాడింది. విత్తని చేలు, మొలవని గట్లు చూస్తూ మాట్లాడింది. అమ్మగారు నిద్రపోయారు. ‘హస్బెండ్’ అన్న మాట రెండు మూడుసార్లు పట్టుకున్నాను. మిగిలింది కారు చప్పుడులో కలిసిపోయింది. చప్పుడు లేకపోయినా పట్టుకునేవాణ్ని కాదేమో. అర్థం కాలేదని చెప్పడం నాకు అలవాటు లేదు. “ఎస్, ఎస్. వెరీ గుడ్,” అన్నాను.

ఆమె మాట ఆపి నన్ను వింతగా చూసింది. ఆ తర్వాత ఊరు వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

ఆగస్టు 2, శనివారం

వరసగా రాస్తాను. లేకపోతే నాకే అర్థం కాదు.

పొద్దున సువార్త నీలం చీర కట్టుకుంది. “నువ్వు రావా?” అంది. “ఆడోళ్ల కూడిక కదా,” అన్నాను. గేటు దాకా పోయి వెనక్కి చూసింది. నేను పేపరు చదువుతున్నాను. అమ్మ ఆమె చెయ్యి పట్టుకొని, “రామ్మీ, పోదాం,” అని నడిచింది.

కాసేపటికి నేనూ చెప్పులేసుకున్నాను. చర్చిలోకి వెళ్లలేదు. ఎదురుగా ఓబుళేసు కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. చర్చి మీద కట్టిన మైకు హారన్లు రోడ్డు వైపే ఉన్నాయి, వినడానికి లోపలికి పోనక్కర్లేదు. మొదట ఇద్దరి గొంతులూ వచ్చాయి, ఆమె ఇంగ్లీషు, వెంటనే సువార్త తెలుగు. నేను తప్పుల కోసం విన్నాను. దొరకలేదు.

కరెంటు పోయింది. చాలాసేపటికి జనరేటరు చప్పుడు మొదలైంది. ఈసారి ఒక్క సువార్త గొంతే వినిపించింది. వాక్యం అయిపోయి సాక్ష్యాల వంతు వచ్చిందనుకున్నాను. మా కూడికల్లో అంతే, చివర్లో ఒక్కొక్కరు లేచి తమ కష్టం, తమ మేలు చెప్పుకుంటారు.

“నా భర్త మంచి మాటకారి,” అంది సువార్త హారన్లో. “ఆయన మాట వినేకి ఊర్లకు ఊర్లు వస్తాండె.”

నేను నిటారుగా కూర్చున్నాను. ముందు కొంచెం గర్వం కూడా కలిగింది.

“నేను ఆయన వెనకాల ఇల్లు చూసుకుంటా ఉన్నంత కాలం ఆయన మంచోడే. నేను నోరు తెరిచినాక ఆయనకి నేను కిట్టలేదు. నన్ను ఎవురన్నా మెచ్చుకుంటే ఆ పొద్దు ఆయన అన్నం ముట్టడు. ఒకే ఇంట్లో ఉండి, ఎదురుగా కూర్చోని, నాకు చెప్పాల్సింది వేరేవాళ్లతో చెప్పించినాడు.”

ఓబుళేసు టీ వడపోయడం ఆపాడు. “సార్, మన సువార్తక్కే కదా?” అన్నాడు.

“ఆయనకి నా మీద ఉండింది కోపం అనుకున్న్యా. కోపం కాదది. నన్ను చూసి ఓర్చుకోలేకపోయినాడు.”

ఇంక నాకు ఏమీ వినిపించలేదు. రోడ్డు ఎలా దాటానో తెలియదు. చెప్పులతోనే లోపలికి పోయాను. టార్పాలిన్ల మీద కూర్చున్న ఆడవాళ్ల మధ్య నుంచి, ఎవరి కొంగు తొక్కానో, స్టేజీ ముందుకు పోయి నిలబడ్డాను.

“ఆపు సువార్తా! నలుగురిలో ఏం చెప్తాండావు?” అని అరిచాను. “నేనెప్పుడు అన్నం మానేస్తి? ఆ పొద్దు కడుపు బాగలేక తినలేదు! ఐజాకు నీకేం పంపినా నేను నిన్ను ఒక్క మాటన్నా అంటినా? ఇన్నేండ్లు నేను నిలబడిన చోట నువ్వు నిలబడితే నాకేంటికి మంట? నీ ఇంగ్లీషు చూసి నేను ఓర్వలేకపోతానా? నాకు నీ మీద అసూయ లేదు. లేదంటే లేదు!”

ఫ్యాన్లు కూడా తిరగడం లేదు. జనరేటరు ఒక్కటే కొట్టుకుంటోంది. నర్సింగు అమ్మాయిలు నోటికి కొంగులు, చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ముందు వరుస నుంచి మా అమ్మ లేచింది.

“ఒరే చంద్రా, అది ఆయమ్మ మొగుని కత రా! ఆయమ్మ చెప్తాంటే ఈ పాప తెలుగులో చెప్తాండాది. నీ కత కాదు, కూచో!”

స్టేజీ మీద మిజోరం అమ్మ సువార్త పక్కనే, ఆమె చెవికి దగ్గరగా నిలబడి ఉంది. ఆమె చేతిలో మైకు లేదు. కింద ఐజాక్ పాడైపోయిన రెండో మైకు విప్పి బ్యాటరీలు మారుస్తున్నాడు. వాడు నన్ను చూసి తల దించుకున్నాడు.

ఇన్నేళ్లు ఆ స్టేజీ మీద పరాయివాళ్ల ఏడుపులకు ‘నేను’ అని ఏడ్చినవాణ్ని. లోకంలో ఎవరు పొరబడ్డా నేను పొరబడకూడదు. నిన్న కారులో ఆ అమ్మ నాకు ఈ కథే చెప్పింది. నేను వెరీ గుడ్ అన్నాను.

ఆమె సువార్త వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది. నాకు అర్థమైంది. ఆయన ఏమంటున్నాడు అని.

సువార్త వెంటనే అందుకోలేదు. తర్జుమా చేసేవాళ్లు అంతసేపు ఆగకూడదు. మైకు పట్టుకొని నన్నే చూసింది. కోపంగా చూసిందని రాద్దామనుకున్నాను, కోపం లేదు. తర్వాత నా మాటలు కాబట్టి, తర్జుమా మర్యాద ప్రకారం, నేనై చెప్పింది.

“ఐ యామ్ జెలస్ ఆఫ్ మై వైఫ్,” అంది.

‘నాట్’ కోసం చూశాను. రాలేదు.

“ఐ యామ్ అఫ్రైడ్ ఆఫ్ లూజింగ్ మై ప్లేస్,” అంది. ఆ మాట నేను అననే లేదు.

మిజోరం అమ్మ మెట్లు దిగి వచ్చింది. నా ముందు నిలబడి నా రెండు చేతులు పట్టుకొని ఆ చిన్న గొంతుతో ఏదో చెప్పింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సువార్త పైనుంచే తెలుగులో చెప్పింది.

“నా భర్త చనిపోయేదాకా ఈ మాట అనలేదు. ఎప్పటికైనా అంటాడేమోనని నేను కాచుకోని ఉన్న్యా. నువ్వు ఇంతమంది ముందర అన్నావు. నీ భార్య...” అక్కడ సువార్త ఆగింది. మైకు చెయ్యి మార్చుకొని మళ్లీ అంది. “నీ భార్య అదృష్టవంతురాలు.”

ఆమెన్ అన్నారు ఆడవాళ్లు. సిద్దమ్మ అందరికంటే గట్టిగా అంది.

నేను అలా అనలేదని చెప్పడానికి నాకు ఇంగ్లీషు వచ్చు. ఆ మాత్రం వచ్చు. చెప్పకుండా, చెప్పులు విడిచి చేత్తో పట్టుకొని బయటికి వచ్చేశాను.

ఆగస్టు 3, ఆదివారం

ఉదయం ఆరాధనలో మిజోరం అమ్మ వాక్యం. దానికి తర్జుమా నాదేనని అయ్యగారు నిన్న రాత్రి కబురు పంపారు. చర్చి గేటు దగ్గరే మగవాళ్లు నా చెయ్యి పట్టుకున్నారు. “నీ అంత ధైర్యం మాకు లేదు సార్,” అన్నాడు బ్యాంకు ప్యూను. మా స్కూలు హెడ్మాస్టరు ఫోను చేశాడు. ఊరంతా నేను అనని మాటకు నన్ను మెచ్చుకుంటోంది. ఒక్కరికీ నిజం చెప్పలేదు.

అయ్యగారు మైకు అందించారు. “గొంతు బాగలేదయ్యగారూ, సువార్త చెప్తాది,” అన్నాను. గొంతు బాగానే ఉంది.

సువార్త చెప్పింది. నేను మగవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చున్నాను. బాగా చెప్పింది. ఆమె నోట్లో మాట తిరిగినప్పుడల్లా, అదే మాట నేనైతే ఎలా చెప్పేవాణ్నో లోలోపల చెప్పుకున్నాను. ఈ మంట ఇవాళే పోయేటట్టు లేదు. ఆమె గొప్పగా చెప్పిన చోటే ఎక్కువ మండింది.

సాయంత్రం అమ్మ సిద్దమ్మ ఇంటికి పోయింది. నేను వసారాలో పిల్లల కాంపోజిషన్లు దిద్దుతున్నాను. సువార్త వచ్చి మెట్టు మీద కూర్చుంది.  

“నిన్న నువ్వు లేదన్న్యావు,” అంది. “నేను ఉందని చెప్పినా. ఐజాకుకి తెలుసు, అయ్యగారికి అనుమానంగా ఉండాది. తర్జుమాలో అట్ల చెప్పకూడదు. తెలిసే చెప్పినా.”

నేను పెన్ను మూత పెట్టాను.

“ఆయమ్మ రేపు కదిరికి, ఆడ నుంచి పుట్టపర్తికి పోతాది. నన్ను కూడా రమ్మంటాండాది. అబద్ధం చెప్పిన నోటితో పోయి నేను వాక్యం చెప్పలేను. నువ్వు ఊ అంటే ఇప్పుడే పోయి ఆయమ్మ ముందర, అయ్యగారి ముందర దిద్దుకుంటా. నా భర్త లేదన్నాడు, నేనే తప్పు చెప్పినా అని. నీ పరువు నీకు వస్తాది. నన్ను ఇంక ఎవురూ పిలవరు, అంతే కదా.”

ఒక్క ఊ చాలు. స్టేజీ నాది, మైకు నాది, ఆ మిజోరం అమ్మ పక్కన రేపటి సీటు కూడా నాదే కావచ్చు. ఆ ఊ గొంతు దాకా వచ్చింది. అదీ రాయాలి.

“చెప్పప్పా. దిద్దేదా?”

“తప్పుంటే కదా దిద్దేది,” అన్నాను.